సుబ్బారావుగారి ఆదాయ వ్యయాలు

ఉగాదినాడు పంచాంగ శ్రవణానికి కూర్చున్న ప్రతివారూ తమ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని చెవులు రిక్కించి వింటారు. ఈ సంవత్సరం మన సంచికలో, తన లెక్క ఎన్నడో ముగించుకొని వెళ్ళిపోయిన ఒక తెలుగువాని ఆదాయ వ్యయాలను మరల తిరగవేసి చూడాలని మాకు తోచింది. ఆయన కీర్తిశేషులు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

ఆ పేరు వినని తెలుగు సంఘం ఉండదు. పరదేశంలో ఉన్న తెలుగువారి సభలలో ఆయన పటానికి దండ పడుతూనే ఉంటుంది. అయితే ఆ సభలలో సాధారణంగా రెండు మాటలే వినిపిస్తాయి. లోకంలోని గొప్ప మందులన్నీ ఆయన ఒక్కరే కనిపెట్టారని ఒక మాట. అయినా నోబెల్ బహుమానం ఇవ్వలేదే అని రెండవ మాట. మొదటిది అతిశయం, రెండవది అంగలార్పు. ఈ రెండింటి నడుమ అసలు మనిషి మరుగున పడిపోతున్నాడని మా భయం. కాబట్టి ఆయన స్వయంగా చేసినదేమి, చేయించినదేమి, చేయనిదేమి, అందుకు చెల్లించినదెవరు అన్న సంగతులను ఉన్నవి ఉన్నట్టు చెప్పటానికి ప్రయత్నిస్తాము.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథంగారు రెవెన్యూ శాఖలో ఉద్యోగి, తల్లి వెంకమ్మగారు. సంసారం పెద్దది, రాబడి చిన్నది. పిల్లవానికి చదువుమీద కంటె డబ్బు గడించటంమీద ధ్యాస ఎక్కువగా ఉండేది. పదమూడేళ్ళ ప్రాయంలో కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడు కావాలని ఇంటినుంచి పారిపోగా, పెద్దలు వెదకి వెనుకకు తెచ్చారని ఆయన జీవిత చరిత్రకారులు వ్రాశారు. రాజమహేంద్రవరంలో చదివి, చివరకు మదరాసు హిందూ హైస్కూలులో మూడవ ప్రయత్నాన మెట్రిక్యులేషను గట్టెక్కారు. పరీక్ష తప్పిన పిల్లలను చూచి తలలు పట్టుకొనే తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తు పెట్టుకోవటం మంచిది.

తరువాత ప్రెసిడెన్సీ కళాశాలలో ఉండగా ఆయన మనస్సు రామకృష్ణ మఠంవైపు తిరిగింది. సన్యసించాలనుకున్నారు. తల్లి అనుమతించలేదు. సేవ చేయదలచినవాడు వైద్యం చదవవచ్చునని మఠంలోని పెద్దలు సలహా ఇచ్చారు. అలా మదరాసు వైద్య కళాశాలలో చేరారు. 1919లో శేషగిరిగారితో ఆయన వివాహమయింది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు చదువు ఖర్చులకు చేయూతనిచ్చారు. ఆనాడు మన బళ్ళారి కూడ మదరాసు రాజధానిలోని జిల్లాయే. ఇక్కడి పిల్లవాడైనా వైద్యంలో పట్టం పొందాలంటే ఆ మదరాసుకే పోవలసివచ్చేది. మన పట్టణానికి వైద్య కళాశాల వచ్చింది 1961లో.

ఆ రోజులు గాంధీగారి పిలుపు దేశమంతటా మార్మోగుతున్న రోజులు. సుబ్బారావుగారు శస్త్రచికిత్స శాలలోనికి ఖద్దరు అంగీతో వెళ్ళసాగారు. శస్త్రశాస్త్రాచార్యుడైన బ్రాడ్‌ఫీల్డు దొరకు అది రుచించలేదు. చదువులో సమర్థుడైనప్పటికీ సుబ్బారావుగారికి యం.బి.బి.యస్. పట్టం రాలేదు, దానికంటె తక్కువదైన ఎల్.యం.యస్. మాత్రమే చేతికందింది. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగమూ దొరకలేదు. పంచాంగం భాషలో చెప్పాలంటే అవమానం మొదటి అంకెగా పడింది. ఆయన మదరాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించే పనికి కుదురుకున్నారు.

ఈలోగా ఇంటిమీద పిడుగు పడింది. అన్న పురుషోత్తంగారూ, తమ్ముడు కృష్ణమూర్తిగారూ కొద్ది రోజుల ఎడంలో మరణించారు. వారిని తీసుకుపోయినది ఉష్ణదేశాలలో కనిపించే స్ప్రూ అనే జబ్బు. మన వైద్యులు సంగ్రహణి కోవలో చేర్చే వ్యాధి. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం విరిగి పాలిపోయి మనిషి క్షీణిస్తాడు. సుబ్బారావుగారికీ అదే వ్యాధి సోకగా డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సవల్ల బ్రతికి బయటపడ్డారు. ఆ మందు ఎందుకు పనిచేసిందో ఆనాడు ఎవరికీ తెలియదు. అన్నదమ్ములను చంపిన జబ్బుకు కారణమేమిటి, తనను బ్రతికించినదేమిటి అన్న ప్రశ్న ఆయనను పట్టుకొని వదలలేదు. ఉష్ణమండల వ్యాధుల శాస్త్రం చదవటానికి అమెరికా వెళ్ళాలని నిశ్చయించుకున్నారు.

డబ్బు ఎక్కడిది? ఇక్కడ మనవంటివారు ఆగి వినవలసిన సంగతి ఒకటున్నది. మామగారు కొంత సమకూర్చారు. మరికొంత ఇస్తామని కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థవారు ముందుకువచ్చారు. ఈ సత్యలింగం నాయకర్ గారు కోరంగి ప్రాంతంలో పుట్టి, బీదతనంలో రంగూను చేరి, ఓడల వ్యాపారంలో గొప్ప ధనం గడించి, దానిని తన సీమలోని పిల్లల చదువులకు, దానధర్మాలకు వ్రాసిపెట్టినవారు. ఆయన సుబ్బారావుగారిని ఎరుగరు, సుబ్బారావుగారు ఆయనను ఎరుగరు. ఒక తెలుగువాడు బర్మాలో కార్చిన చెమట మరొక తెలుగువానిని అమెరికా పంపింది. వలస పోయినవాని సంపాదన ఎక్కడ మొలకెత్తుతుందో చెప్పలేమనటానికి ఇంతకంటె నిదర్శనం మాకు తెలియదు.

భార్యను పుట్టింటివారి అండన వదలి బయలుదేరిన సుబ్బారావుగారు 1922 అక్టోబరు 26న బోస్టను నగరంలో దిగారు. హార్వర్డులోని ఉష్ణమండల వైద్య పాఠశాలలో చేరారు. మదరాసు పట్టాకు అక్కడ విలువ లేదు. వైద్యుడుగా ఉద్యోగం చేయరాదు. పొట్ట గడవటానికి పీటర్ బెంట్ బ్రిగ్హామ్ ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పని చేశారు. పగలు పాఠం, రాత్రి పాచిపని. ఈ భాగాన్ని దాచి చెప్పే ఉపన్యాసకులు కొందరున్నారు. దాచవలసినదేమీ ఇందులో లేదు.

డిప్లమా పొందిన పిమ్మట ఆయన హార్వర్డులోనే జీవరసాయన శాఖలో ఆటో ఫోలిన్ గారి వద్ద, ఆ శాఖలోని సైరస్ ఫిస్క్ గారితో కలసి పనిలో ప్రవేశించారు. రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంత ఉన్నదో కచ్చితంగా కొలవటానికి అప్పటి పద్ధతులు ఆలస్యంగానూ, నమ్మదగకుండానూ ఉండేవి. ఇద్దరూ కూడి 1925లో ఒక కొత్త పద్ధతిని ప్రకటించారు. దాని కిటుకు సులువే: భాస్వరం ఉన్న ద్రవంలో మాలిబ్డినం లవణం కలిపి, ఒక క్షయకరణి చేర్చితే నీలిరంగు పుడుతుంది, రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఉన్నట్టు. ఫిస్క్ సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది దశాబ్దాలపాటు ప్రపంచంలోని ప్రయోగశాలలలో నడిచింది. మందుల పెట్టెలమీద లేకపోయినా, విద్యార్థుల ప్రయోగ పుస్తకాలలో మాత్రం ఆయన పేరు నిలిచింది.

మంచి తక్కెడ చేతికి వచ్చినవానికి కొత్త సరుకు కంటబడకమానదు. కండరాలలోని భాస్వరాన్ని కొలుస్తూ ఉండగా అంతవరకు ఎవరికీ తెలియని ఒక పదార్థం వారికి చిక్కింది. అది ఫాస్ఫోక్రియాటిన్. 1927లో దానిని ప్రకటించారు. అదే కాలంలో ఇంగ్లండులో ఎగుల్టన్ దంపతులు కూడ దీనినే పట్టుకున్నారు. రెండేళ్ళకు, 1929లో, శరీరంలోని ప్రతి కణానికి శక్తిని చేరవేసే ఎ.టి.పి. అనే పదార్థాన్ని ఫిస్క్, సుబ్బారావుగార్లు ప్రకటించారు. జర్మనీలో కార్ల్ లోమన్ గారు అదే సంవత్సరం వేరుగా దానిని కనిపెట్టారు. మనం చెయ్యెత్తినా, రెప్ప వేసినా ఖర్చయ్యేది ఎ.టి.పి.యే. కండరాలు పనిచేయటానికి మూలం లాక్టిక్ ఆమ్లమని అంతకుముందు పెద్దలు నమ్మేవారు; ఈ శోధనలతో ఆ నమ్మకం తలక్రిందులయింది. 1930లో సుబ్బారావుగారికి డాక్టరేటు వచ్చింది.

ఇంత చేసినా హార్వర్డులో ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి దొరకలేదు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాల సంగతి ఫిస్క్ గారు వెలుగులోకి రానివ్వకపోవటంవల్ల, వాటిని తరువాతివారు మరల కనిపెట్టవలసివచ్చిందని, అక్కడే చదువుకొని తరువాత 1988లో నోబెల్ బహుమానం పొందిన జార్జి హిచింగ్స్ గారు చెప్పారు. అవమానం గడిలో ఇది రెండవ అంకె. సుబ్బారావుగారు మాత్రం దానినే తలచుకొంటూ కూర్చోలేదు. 1940లో విశ్వవిద్యాలయం వదలి, న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊరిలో ఉన్న లెడర్లీ ప్రయోగశాలకు వెళ్ళారు. 1942లో అక్కడి పరిశోధనలకు సంచాలకులయ్యారు.

ఇక్కడినుంచి లెక్క మారుతుంది. ఇంతవరకు తన చేతితో చేసిన పని. ఇకమీద పదిమంది చేత చేయించిన పని. నాయకుని పనిని పనివాని పనితో కలిపివేస్తే ఇద్దరికీ అన్యాయమే కాబట్టి విడదీసి చెబుతాము.

రక్తక్షీణతకు జంతువుల కాలేయం మంచి మందని 1926లోనే తేలింది. కాలేయంలోని ఏ పదార్థం ఆ పని చేస్తున్నదో తెలుసుకోవాలని సుబ్బారావుగారు హార్వర్డులో ఉన్నప్పటినుంచి శోధిస్తున్నారు. అటు బొంబాయిలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు గర్భిణులలోని ఒక రకపు రక్తక్షీణత ఈస్టు సారంతో నయమవుతున్నదని 1931లో వెల్లడించారు. 1941లో అమెరికాలోని మరికొందరు నాలుగు టన్నుల పాలకూరనుంచి రవ్వంత పదార్థం తీసి, ఆకునుంచి వచ్చింది కనుక ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. పాలకూర పిండి మందు చేస్తే పేదవానికి అందేదెప్పుడు? దానిని కృత్రిమంగా తయారుచేయవలసి ఉంది. సుబ్బారావుగారి నాయకత్వాన లెడర్లీ బృందం 1945లో ఆ పని సాధించింది. ఆ పత్రంమీద ఒక్క పేరు కాదు, పదిమందికి పైగా పేర్లున్నాయి.

వెంటనే ఆ మందును స్ప్రూ రోగులపై పరీక్షించగా పాలిపోయినవారు కోలుకున్నారు. అన్నదమ్ములు పోయిన ఇరవై ఏళ్ళ పైచిలుకు తరువాత వారిని తీసుకుపోయిన జబ్బుకు మందు వారి సోదరుని ప్రయోగశాలనుంచి వచ్చింది. పురుషోత్తంగారికి, కృష్ణమూర్తిగారికి అది అందలేదు. కాని మన బళ్ళారి జిల్లాలోని ఏ పల్లె ఆరోగ్య కేంద్రానికి వెళ్ళినా గర్భిణి చేతిలో పెట్టే ఇనుపధాతువు మాత్రలో ఫోలిక్ ఆమ్లం కలిసి ఉంటుంది. శిశువుకు వెన్నెముక లోపాలు రాకుండా అది కాపాడగలదని ఇంగ్లండువారు జరిపిన పరీక్షలు 1991లో రుజువు చేశాయి.

ఫోలిక్ ఆమ్లం రక్తకణాలను పెంచుతుంది గదా, దానిని పోలి ఉండి దాని పనికి అడ్డుపడే పదార్థం ఉంటే అదుపు తప్పి పెరిగే కణాలు ఆగిపోవా? బోస్టనులో పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్ గారి ఆలోచన ఇది. అటువంటి పదార్థాలను సుబ్బారావుగారి బృందం తయారుచేసి ఇచ్చింది. రక్తపు క్యాన్సరు గల 16 మంది పిల్లలకు అమినాప్టెరిన్ ఇవ్వగా 10 మందికి తాత్కాలికంగా గుణం కనిపించిందని 1948 జూన్‌లో ఫార్బర్ గారు ప్రకటించారు. తాత్కాలికమే, కాని అంతవరకు ఆ జబ్బుకు ఆ పాటి మందు కూడ లేదు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేటు నేటికీ క్యాన్సరుకు, కీళ్ళవాతానికి వాడుకలో ఉంది.

గోదావరి జిల్లాలలో పుట్టినవారికి బోదకాలు సంగతి చెప్పనక్కరలేదు. 1947లో లెడర్లీవారు ప్రకటించిన డైఇథైల్ కార్బమజీన్ అనే మందు రక్తంలో తిరిగే ఆ క్రిములను చంపుతుంది. ఆ పత్రంమీద సుబ్బారావుగారి పేరు ఉంది. మనకు ఉత్తరాన ఉన్న కలబురగి, బీదరు ప్రాంతాలలో ప్రభుత్వంవారు ఇంటింటికి పంచిన బోదకాలు మాత్ర ఇదే.

ఆరియోమైసిన్ మాట వేరు. మట్టిలోని బూజువంటి సూక్ష్మజీవినుంచి ఆ మందును పట్టుకున్నవారు బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞులు. ఆయన డెబ్బయి దాటి, ఉద్యోగ విరమణ చేసినవారు. అట్టి వృద్ధుని లెడర్లీ ఆదరించి పనిచేయనిచ్చింది. 1945లో చిక్కిన ఆ మందు 1948లో వెలువడింది. టెట్రాసైక్లిన్ జాతికి అదే మొదటిది. 1994లో సూరత్‌లో ప్లేగు భయం పుట్టినప్పుడు జనం చేతికి వచ్చినది ఆ జాతి మందే. దీనిని సుబ్బారావుగారు కనిపెట్టారనటం తప్పు. ఆయన నడిపిన శోధనశాలలో డగ్గర్ గారు కనిపెట్టారనటం ఒప్పు.

టీకాల విషయమూ ఇంతే. లెడర్లీ మొదట 1906లో గుర్రాల రక్తంనుంచి కంఠసర్పికి విరుగుడు తీసే సంస్థగా పుట్టింది. వైరసుల శోధనకు హెరాల్డు కాక్స్ గారు, ఆయన క్రింద హిలరీ కొప్రోవ్‌స్కీ గారు అక్కడ పనిచేశారు. ఎలుకజాతి జంతువుల మెదడులో పెంచి బలహీనపరచిన పోలియో వైరసును కొప్రోవ్‌స్కీ గారు 1950 ఫిబ్రవరి 27న మొదటిసారిగా ఒక పిల్లవానిచేత త్రాగించారు. నోటిద్వారా ఇచ్చే పోలియో టీకాకు అది నాంది. అయితే సాల్కు, సేబిన్ గార్ల టీకాలే తరువాత లోకమంతా వ్యాపించాయి. సేబిన్ గారి చుక్కలు వేసి వేసి మన దేశం 2014 మార్చిలో పోలియో లేని దేశంగా ధ్రువపత్రం పొందింది. ఈ పుణ్యాన్ని కూడ సుబ్బారావుగారి ఖాతాలో వ్రాసేవారున్నారు. 1950 నాటికి ఆయన లేరు. వైరసును, క్రిమిని, బూజును, విటమినును ఒకే ఆవరణలో శోధించే ఆ పెద్ద యజ్ఞానికి కొన్నేళ్ళు ఆయన అధ్వర్యులు, అంతవరకే వ్రాయాలి. అదేమీ తక్కువ కాదు.

ఇక వ్యయం. 1922లో ఓడ ఎక్కిన సుబ్బారావుగారు మరల స్వదేశం చూడలేదు. శేషగిరిగారు భర్త వస్తారని ఎదురుచూస్తూనే ఉన్నారు. మూడేళ్ళ సంసారం, ఇరవయ్యారేళ్ళ ఎదురుచూపు. చదువు, తరువాత శోధన, తరువాత యుద్ధం; ప్రతి సంవత్సరానికీ ఒక కారణం ఉండనే ఉంది. 1946లో భారతీయులకు అమెరికా పౌరసత్వం పొందే వీలు కల్పించే చట్టం వచ్చింది. ఆయన ఆ దేశపు పౌరుడు కాలేదు. ఈ దేశానికి తిరిగి రానూ లేదు. 1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి మరణించారు. వయస్సు 53 ఏళ్ళు. స్వతంత్ర భారతానికి అప్పటికి ఏడాది నిండలేదు.

ఆయన మహత్కార్యం చేశారు కాబట్టి ఇల్లాలి కష్టం చెల్లుబడి అయిందని కొందరంటారు. మేము అనలేము. మహత్కార్యం లోకానికి జమ అయింది; ఖర్చు మాత్రం ఒక్క ఇంటిలో పడింది. ఖర్చు పెట్టినవారిని అడిగి పెట్టినది కాదు. లోకం ఆయనకు ఋణపడితే, ఆ ఋణంలో సగం శేషగిరిగారికి చెందవలసినది. ఆయన పటానికి దండ వేసే సభలలో ఆమె పేరు ఒక్కసారైనా పలకాలని మా మనవి.

రాజపూజ్యం ఆలస్యంగానే వచ్చింది. 1953లో ఒక బూజుజాతికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. 1995లో శతజయంతి సందర్భాన భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ వేసింది. నోబెల్ రాలేదని మనం బాధపడనక్కరలేదు. బిరుదు ఇచ్చేవారి చేతిలో ఉంటుంది, పని చేసేవాని చేతిలో ఉంటుంది. ఆయన తన చేతిలోనిదానిని వదలలేదు.

మన సంగతికి వద్దాము. 1953లో జిల్లా చీలినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి. బళ్ళారి మైసూరులో చేరింది. కదలకుండానే కొందరం పరరాష్ట్రంవారమయ్యాము. పని వెదకుకొంటూ వచ్చి కొందరమయ్యాము. మన పిల్లలు ఇప్పుడు ఇంకా దూరాలు పోతున్నారు. వారిని ఆపలేము, ఆపరాదు. కాని సత్యలింగం నాయకర్ గారినుంచి ఒకటి, సుబ్బారావుగారినుంచి ఒకటి, శేషగిరిగారినుంచి ఒకటి నేర్చి పంపవచ్చును. గడించినదానిలో ఎరుగని పిల్లవానికి కొంత పెట్టమని; పేరు ఎవరిదైనా పని ఆపవద్దని; ఇంటిలో ఎదురుచూసేవారిని లెక్కలోనుంచి తీసివేయవద్దని.

ఈ కొత్త సంవత్సరంలో పాఠకులందరికీ ఆదాయం హెచ్చుగా, అవమానం కొంచెంగా ఉండుగాక! వ్యయం తప్పదు, అది ఎవరి తలమీద పడుతున్నదో తెలిసి చేసే బుద్ధిని భగవంతుడు మనకందరికీ ప్రసాదించుగాక!